వండినవాళ్ళు మాట్లాడక్కర్లేదు

ఫిబ్రవరి 9

మామయ్యా,

ఎలా ఉన్నావు? ఫోను చేస్తే "చెవికి అందదు, ఏమన్నా ఉంటే ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు కదా, అందుకే రాస్తున్నాను. ఆసుపత్రిలో రోజంతా జనం చెప్పేది గిలికీ గిలికీ నా చేతిరాత ఇలా తయారైంది. తిట్టుకోకుండా చదువు.

నీ సాయం కావాలి. వంట విషయంలో. నవ్వకు.

సంగతేమిటంటే, ఈ నెల నుంచి ప్రతి నెలా ఆఖరి శనివారం సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో భోజనం పెడదామనుకుంటున్నాను. తొమ్మిది మందికే. సగం మంది నాలాగా ఇతరుల మనసు బాధలు వినే ఉద్యోగం చేసేవాళ్ళు, సగం మంది దాంతో ఏ సంబంధమూ లేనివాళ్ళు. ఒకే బల్ల చుట్టూ కూర్చుని, తింటూ, దిగులు గురించీ నిద్ర పట్టకపోవడం గురించీ మామూలు మనుషుల్లా మాట్లాడుకోవాలి. మా ఆసుపత్రి మానసిక వైద్యుడు వస్తానన్నాడు, ఆయన్ని మేమంతా పెద్ద డాక్టరు అంటాం. నాలాంటి కౌన్సెలర్లు ఇంకో ఇద్దరు, వార్డు నర్సు, నేనెక్కే బస్సు డ్రైవరు, లైబ్రరీ ఆవిడ, ఒక స్కూలు టీచరు, ఆవిడ భర్త. నాతో తొమ్మిది.

నియమాలు మూడే. ఫోన్లు తలుపు దగ్గర బుట్టలో పడేయాలి. ఎవరి సంగతి చెప్పినా పేరు చెప్పకూడదు. వండినవాళ్ళు మాట్లాడక్కర్లేదు. మూడోది నేనే పట్టుబట్టి పెట్టాను. వండి వడ్డించేవాళ్ళకి పాపం అలసటగా ఉంటుంది కదా.

నాకు గుడ్డు ఉడకబెట్టడం తప్ప ఏమీ రాదని నీకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీ క్యాంటీన్ నడిపినవాడివి, ఒక మంచి సూపు ఎలా చెయ్యాలో రాసి పంపు. నాలుగో అంతస్తు దాకా మెట్ల మీద కూరగాయలు మోసి మోసి నా భుజాలు పడిపోయేలా ఉన్నాయి, త్వరగా రాయి.

నీ వంటరాని మేనకోడలు

*

ఫిబ్రవరి 15

డాక్టరమ్మకి,

ఉత్తరం అందింది. సగం అర్థమైంది, సగం మందుల చీటీలా ఉంది.

మాట్లాడించడానికి అన్నం పెట్టడమేమిటో నా బుర్రకెక్కలేదు. మా క్యాంటీన్‌లో మాట్లాడుతూ తినేవాడు బల్ల ఖాళీ చెయ్యడు, వెనక వరస కదలదు, మేం గరిటెతో బల్ల మీద కొట్టి లేపేవాళ్ళం. నువ్వేమో మాట్లాడమని బతిమాలి పిలుస్తున్నావు. రోజులు మారాయి, సరే.

సూపు రాసుకో. బంగాళాదుంపలు ముప్పై కిలోలు, ఉల్లిపాయలు పన్నెండు కిలోలు, క్యారెట్లు పదిహేను కిలోలు, నీళ్ళు తొంభై లీటర్లు, ఉప్పు కిలోం పావు. రెండు గంటలు మరగాలి. ఇది మూడు వందల మందికి. నాకు తొమ్మిది మందికి వండటం రాదు, ఎప్పుడూ వండలేదు. ఇంట్లో మీ అత్తయ్య నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. భాగించుకో, చదువుకున్నదానివి.

మెట్లెక్కడం ఏమిటి? నాలుగంతస్తుల ఇంటికి లిఫ్టు పెట్టలేదా ఆ ఇంటాయన?

ఉంటాను,
మామయ్య

*

మార్చి 1

మామయ్యా,

నేను డాక్టర్ని కాను, కౌన్సెలర్ని. వందసార్లు చెప్పాను.

నిన్న మొదటి భోజనం అయింది. తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వు రాసినవన్నీ ముప్పై మూడుతో భాగించాను, సున్నాలు కూడా సరిచూశాను, రెండు గంటలు మరిగించాను. నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. స్కూలు టీచరు భర్త మర్యాదకి రెండు చెంచాలు మింగి మంచినీళ్ళ జగ్గంతా తాగేశాడు.

సూపు సంగతి పోనీ. పెద్ద డాక్టరు కూర్చోగానే ఆందోళన అంటే ఏమిటో మొదలుపెట్టి నలభై నిమిషాలు ఏకరువు పెట్టాడు. వేలితో బల్ల మీద బొమ్మలు కూడా గీశాడు. ఆయన ఊపిరి తీసుకునే సందులో బస్సు డ్రైవరు మెల్లగా, తనకి ఆర్నెల్లుగా నిద్ర పట్టడం లేదన్నాడు. అంతే, ముగ్గురు ఒకేసారి ఆయన మీద పడి చిన్నప్పుడు మీ నాన్న ఎలా ఉండేవాడని అడిగారు. ఆ మనిషి బిక్కచచ్చిపోయి రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాడు. వంటింట్లోంచి చూస్తున్న నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళంతా ఆసుపత్రిలో ఎంత బాగా వింటారో తెలుసా నీకు? బల్ల దగ్గరికి రాగానే ఏమైందో అర్థం కాలేదు.

పది కాకముందే అందరూ వెళ్ళిపోయారు. వచ్చే నెల ఎంతమంది వస్తారో తెలీదు.

లిఫ్టు ఉంది. నేను ఎక్కను. అంతే.

విసుగెత్తిపోయిన
మేనకోడలు

*

మార్చి 7

డాక్టరమ్మకి,

ఉప్పుని అలా భాగిస్తారా ఎవరైనా? మూడు వందల మంది గిన్నె రెండు గంటలు మరిగినా అందులో నీళ్ళు ఇంత కూడా తగ్గవు. నీ చిన్న గిన్నెలో అరగంటకే సగం ఆవిరైపోతాయి. నీళ్ళు పోతాయి గాని ఉప్పు ఎక్కడికి పోతుంది? నేను చెప్పలేదనకు, అది ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను.

ఇంక నీ డాక్టరు. అలాంటివాడు మాకూ ఒకడుండేవాడు, స్టోర్సు గుమాస్తా, నోరు మూతపడేది కాదు. వాడికి నేను చేసిన మందు ఒకటే. వచ్చీ రాగానే కత్తిపీట ముందు కూర్చోబెట్టి ఉల్లిపాయలు ఇచ్చేవాణ్ణి. చేతిలో పనుంటే నోరు దానంతటదే తగ్గుతుంది. ఇంకో సంగతి, చేతులు కదులుతున్నప్పుడు మనిషి మొహం ఎవరూ చూడరు. నోరు లేనివాడు అప్పుడే రెండు మాటలంటాడు. నీ డ్రైవరుకి కూడా ఏదో ఒకటి ఒలవడానికి ఇవ్వు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డాక్టరేమన్నాడో రాశావు, డ్రైవరేమన్నాడో రాశావు, మంచినీళ్ళ జగ్గు సంగతి కూడా రాశావు. నువ్వేమన్నావో లేదు. వంటరానిదానివి, ఆ రొట్టె ఒకరు, సూపు ఒకరు తెమ్మని చెప్పకూడదా?

లిఫ్టుంటే ఎక్కడానికేం? మీ అమ్మలాగే నీకూ మొండితనం.

మామయ్య

*

మార్చి 30

మామయ్యా,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. పెద్ద డాక్టరుకి రాగానే బంగాళాదుంపలు, కత్తి ఇచ్చాను. చెక్కుతో పాటు సగం దుంప పారేశాడు గాని నలభై నిమిషాలు నోరెత్తలేదు. సూపులో ఉప్పు ఆఖర్న వేశాను, బాగానే కుదిరింది.

కాకపోతే ఈసారి ఎవరూ మాట్లాడలేదు. చెక్కులు తీస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, వానల గురించి రెండు ముక్కలు, మళ్ళీ దుంపలు చెక్కడం. నాకు భయమేసింది, ఇది కూడా పోయిందనుకున్నాను. అప్పుడు గరిటె పట్టుకుని నిలబడే ఒక సంగతి చెప్పాను. ఒక వంటాయన ఉండేవాడు, భార్య పోయాక రోజూ పొద్దున్న పనిలోంచి వెళ్ళి కూరగాయల చల్లగది తలుపేసుకుని ఒంటరిగా నిలబడేవాడు, ఎవరి ఎదుటా ఏడవలేక అక్కడ ఏడ్చేవాడు, నాలుగేళ్ళు ఎవరికీ తెలీదు అని.

మామయ్యా, బల్లంతా కరిగిపోయింది. నర్సు కళ్ళు తుడుచుకుని, తను ఆసుపత్రి దుప్పట్ల గదిలో అలాగే నిలబడతానని చెప్పింది. డ్రైవరు, ఆఖరి స్టాపులో అందరూ దిగాక ఖాళీ బస్సులో పది నిమిషాలు కూర్చుంటాడట. పెద్ద డాక్టరు కూడా ఏదో చెప్పబోయి నీళ్ళు నమిలాడు. ఇంతకన్నా ఏం కావాలి? పేరు చెప్పలేదులే, నియమం నియమమే. నువ్వు వాళ్ళకి ఎంత మేలు చేశావో నీకు తెలియాలని రాస్తున్నాను.

సంతోషంతో,
నీ మేనకోడలు

*

ఏప్రిల్ 5

అమ్మాయీ,

ఆ సంగతి నీకొక్కదానికే చెప్పాను. బస్టాండు బెంచీ మీద కూర్చుని, నీ బస్సు వచ్చేలోగా, ఎందుకో నోరు జారి చెప్పాను. మీ అమ్మకి కూడా చెప్పలేదు. నువ్వు దాన్ని పట్టుకెళ్ళి ఎనిమిది మందికి వడ్డించావు. సూపు చప్పగా ఉందని నా బతుకుని నంజుకోడానికి పెట్టావా?

పేరు చెప్పలేదట. పేరు లేకపోతే అది నాది కాకుండా పోతుందా?

అదీ తప్పుగా చెప్పావు. నేనక్కడ ఏడవలేదు. ఒక్కరోజు కూడా ఏడవలేదు. ఆ గదిలో నేనెందుకు నిలబడేవాణ్ణో నువ్వు ఆ రోజు అడగలేదు. తల ఊపావు, నా చెయ్యి పట్టుకున్నావు, ఏదో నీకు తెలిసిపోయినట్టు మొహం పెట్టి బస్సెక్కి వెళ్ళావు. మీ చదువులో అడగడం నేర్పరా? ఇప్పుడు అడగకు, చెప్పను.

అంతగా జనాన్ని కరిగించాలంటే నీది చెప్పుకో. నలభై ఏళ్ళొస్తున్నాయి, నీ దగ్గర నీది ఒక్కటీ లేదా?

మామయ్య

*

ఏప్రిల్ 10

మామయ్యకు,

నీ ఉత్తరం చదివాను. నీకు కోపం రావడం చాలా సహజం. నమ్మి చెప్పిన విషయం బయటికి వెళ్ళినప్పుడు ఎవరికైనా బాధ కలుగుతుంది. నీ బాధని నేను గౌరవిస్తున్నాను. నా ఉద్దేశం మంచిదే అయినా దాని ఫలితం నిన్ను నొప్పించిందని గుర్తిస్తున్నాను.

నీకు సిద్ధంగా అనిపించినప్పుడు దీని గురించి మాట్లాడుకుందాం. ఒకసారి మా భోజనానికి నువ్వూ వస్తే నీకూ మనసు తేలికపడుతుందేమో ఆలోచించు. తొందరేమీ లేదు.

ప్రేమతో,
నీ మేనకోడలు

*

ఏప్రిల్ 16

ఇది ఆసుపత్రి కాగితం. తిప్పి పంపుతున్నాను. మా మేనకోడలు రాసిన ఉత్తరం వస్తే జవాబు రాస్తాను.

మామయ్య

*

ఏప్రిల్ 27

మామయ్యా,

నా ఉత్తరం నాకే తిరిగొచ్చిందని కవరు చింపగానే చూసి అరికాలి మంట నెత్తికెక్కింది. చింపి పారేద్దామని మళ్ళీ చదివాను. నిజమే, నాకే రోత పుట్టింది. మనుషులు నా ఎదుట కూర్చుని ఏడుస్తుంటే నేనిలాగే మాట్లాడతానా అని రెండు రోజులు అదే ఆలోచన.

తప్పు చేశాను మామయ్యా. వాళ్ళు మాట్లాడకపోతే నాకు భయమేసి, చేతికి అందింది విసిరాను. అది నీది. ఇంతకన్నా నా దగ్గర సాకు లేదు.

మొన్న శనివారం భోజనం పూర్తిగా తగలడింది. స్కూలు టీచరు, ఆవిడ భర్త రాలేదు, ఇంక రారట. లైబ్రరీ ఆవిడ ఒక గిన్నెలో బీన్స్ కూర వండుకుని తెచ్చింది. వంట నాదని చెప్పాను కదా, ఎందుకు తెచ్చావని గుమ్మంలోనే విసుక్కున్నాను. పాపం, బస్సులో ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని అంత దూరం నుంచి పట్టుకొచ్చింది. మొహం మాడిపోయింది. తర్వాత నర్సు వంటింట్లోకి వచ్చి, నువ్వెప్పుడూ ఇక్కడే ఉంటావేం అని మామూలుగానే అడిగింది. ఉప్పు చూడాలన్నాను. ఉప్పు డబ్బా నా చేతిలోనే ఉంది.

నీది ఒక్కటీ లేదా అని అడిగావు. ఉంది. ఇది ఆసుపత్రి కాగితం కాదు, పేరు మాత్రం రాయను.

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఒకాయన. ప్రతి గురువారం నాలుగింటికి నా దగ్గరికి కౌన్సెలింగుకి వచ్చేవాడు. చేతుల గ్రీజు పోలేదని ప్రతిసారీ కుర్చీ ముట్టుకోకుండా కూర్చోవడానికి తంటాలు పడేవాడు. రెండు అంతస్తుల మధ్య లిఫ్టు ఆపి పైకెక్కి పనిచేస్తుంటే మాత్రం మనసు నిమ్మళంగా ఉంటుందని చెప్పేవాడు. జనవరిలో ఒక గురువారం నాకు జ్వరం వచ్చి, ఆయన్ని సోమవారం రమ్మన్నాను. ఫరవాలేదమ్మా అన్నాడు. ఆదివారం తనే ప్రాణం తీసుకున్నాడు.

మా ఇంటి లిఫ్టు కూడా ఆయన చూసేదే. లోపల అద్దం పక్కన తనిఖీ కార్డు ఉంటుంది, నెలనెలా ఆయన పెట్టిన సంతకాలు వరసగా. అందుకే ఎక్కను.

ఆసుపత్రిలో అందరూ నీ తప్పేం లేదన్నారు. పెద్ద డాక్టరు అన్నాడు, మిగతా కౌన్సెలర్లు అన్నారు. నేను నోరు తెరవక ముందే అనేవాళ్ళు. ఆ మాట వినగానే తల ఊపి బయటికి వచ్చేసేదాన్ని. ఇలా ఆసుపత్రి గోడలు లేకుండా కూర్చుంటే ఎవరైనా చెప్పుకోగలరని ఈ భోజనాలు మొదలుపెట్టాను. మూడు నెలలు నేనే వండాను.

జవాబు రాయకపోయినా ఏమనుకోను. అబద్ధం, అనుకుంటాను.

నీ మేనకోడలు

*

మే 4

అమ్మాయీ,

ఇది ఉత్తరమంటే.

నీ తప్పుందో లేదో నాకు తెలీదు. తెలియనిదాని గురించి నేను మాట్లాడను. కడుపులో ఇంత పెట్టుకుని ఎనిమిది మందికి వండి పెడుతున్నావు, అది మాత్రం తెలిసింది. నాకు ముందే తెలియాల్సింది. వంటిల్లు ఎందుకు పనికొస్తుందో నాకన్నా ఎవరికి తెలుసు? చేతిలో గరిటె ఉన్నంతసేపూ నిన్నెవడూ ఏమీ అడగడు. ముప్పై ఒక్క ఏళ్ళు నన్నూ అడగలేదు.

మే ఆఖరి శనివారం నేను వస్తున్నాను. మధ్యాహ్నం బస్సుకి. నా కత్తి, నా ఏప్రన్ నేను తెచ్చుకుంటాను, నీ ఇంట్లో కత్తులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఆ రోజు వంట నాది. నువ్వు వంటింట్లో అడుగు పెట్టకూడదు.

వండినవాళ్ళు మాట్లాడక్కర్లేదని నువ్వే రాశావు. మరి ఆ రోజు నువ్వు వండవు.

లైబ్రరీ ఆవిడకి క్షమాపణ చెప్పు. ఆ బీన్స్ మళ్ళీ తెమ్మను.

మామయ్య

*

జూన్ 1

మామయ్యా,

బస్సులో సీటు దొరికిందా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నువ్వు కూడా నాతో పాటు మెట్లెక్కుతుంటే ప్రతి అంతస్తు దగ్గరా ఆగి, ఆయాసం కాదు, గోడ రంగు చూస్తున్నానని అబద్ధమాడావు.

ముందు తిట్టేది తిట్టేస్తాను. నా వంటింట్లోంచి నన్నే గరిటె చూపించి తరిమావు. ప్లేట్లు పెడతానంటే వద్దన్నావు, మంచినీళ్ళు పోస్తానంటే వద్దన్నావు. ఎనిమిదేళ్ళ పిల్లని కూర్చోబెట్టినట్టు భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టావు. అందరి ముందూ. నాకు నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ కోపంలోనే మొదటి మాట వచ్చింది.

లోపల ఉన్నావు, ఎంత విన్నావో నాకు తెలీదు. అందుకే రాస్తున్నాను. నీకు ఉత్తరంలో రాసినట్టే చెప్పాను, జ్వరం మాట ఎత్తకుండా, గురువారం, సోమవారం, ఆదివారం. చెప్పగానే పెద్ద డాక్టరు, చేతిలో సగం చెక్కిన దుంపతో, నీ తప్పేం లేదనబోయాడు. నర్సు ఆయన మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు బస్సు డ్రైవరు అడిగాడు.

"గురువారం ఎందుకు మార్చారు?"

అంతే మామయ్యా. అయిదు నెలల్లో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. జ్వరం అనబోయాను. నోట్లోంచి రాలేదు. నాకు ఆ రోజు జ్వరం లేదు. నీకూ అబద్ధమే రాశాను. పొద్దుటి నుంచీ ఆరుగురు వచ్చి వెళ్ళారు, ఇంకొక్క మనిషి ఏడుపు కూడా నేను వినలేననిపించింది. ఆ సాయంత్రం నాకు ఎవరి మాటా అక్కర్లేదనిపించింది. ఇంటికెళ్ళి తలుపేసుకుని పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది కూడా. అదీ చెప్పాను.

డ్రైవరు తల ఊపాడు. అలసిపోయినప్పుడు తనూ స్టాపులో చెయ్యెత్తిన మనిషిని చూసి ఆపకుండా వెళ్ళిపోయిన రోజులున్నాయని, ఇంటికెళ్ళాక ఆ చెయ్యే కళ్ళ ముందు ఉంటుందని చెప్పాడు. ఆయనకి నిద్ర పట్టనిది అందుకేనట. మొదటి నెల మావాళ్ళు ఆయన్ని వాళ్ళ నాన్న గురించి అడిగారు చూడు. నువ్వు సరిగ్గా అప్పుడే వచ్చి, మొహం కూడా చూడకుండా, నా ప్లేటులో గరిటెడు సూపు పోసి వెళ్ళావు. లైబ్రరీ ఆవిడ బీన్స్ నా వైపు జరిపింది. అప్పుడు ఏడ్చాను, బాగా ఏడ్చాను.

నిన్న నిన్ను బస్సెక్కించి వచ్చాక లిఫ్టు ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎక్కాను. కార్డు అక్కడే ఉంది. ఆయన సంతకాల కింద ఇంకెవరివో నాలుగు ఉన్నాయి. చూస్తూ ఉండలేకపోయాను, రెండో అంతస్తులో దిగిపోయాను. మిగతా రెండూ మెట్లే.

ఒకటి అడగాలి. అడగకు, చెప్పను అన్నావు. అయినా అడుగుతున్నాను, బస్టాండులో అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. చల్లగదిలో ఎందుకు నిలబడేవాడివి మామయ్యా?

నీ మేనకోడలు

*

జూన్ 7

అమ్మాయీ,

సీటు దొరికింది. మోకాళ్ళ సంగతి అడక్కు.

నువ్వు మాట్లాడటం మొదలుపెట్టగానే నా చెవి మిషన్ తీసి ఏప్రన్ జేబులో వేసుకున్నాను. నేను వినాల్సింది నాకు ఉత్తరంలో రాశావు. బల్ల దగ్గర చెప్పేది వాళ్ళది. గుమ్మంలోంచి నీ నోరు కదలడం కనపడుతోంది, అది ఆగినప్పుడు సూపు తెచ్చాను. జ్వరం అబద్ధమని ఇప్పుడే తెలిసింది. ఉండనీ.

నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. అయిదోది ఇది.

మీ అత్తయ్య రోజూ పొద్దున్న పదకొండింటికి క్యాంటీన్‌కి ఫోను చేసేది. పెద్ద విషయమేమీ ఉండదు. తిన్నావా అని. మూడు వందల మందికి వండేవాణ్ణి పట్టుకుని తిన్నావా అని అడగడమేమిటని నేను విసుక్కునేవాణ్ణి. చేతులు ఖాళీ లేవని రెండు మాటల్లో పెట్టేసేవాణ్ణి. మీ అత్తయ్య పోయాక కూడా పదకొండింటికి ఫోను మోగేది. కూరగాయలాయనో, గ్యాసువాళ్ళో, ఎవరో ఒకరు. మోగిన ప్రతిసారీ నా చెయ్యి దానంతటదే అటు వెళ్ళేది. చల్లగది తలుపు మందం, లోపలికి ఫోను వినపడదు. పది నిమిషాలు నిలబడి, మోగడం అయిపోయుంటుందనుకున్నాక వచ్చేవాణ్ణి. ఏడవలేదు. చలికి వణికేవాణ్ణి, అంతే. నాలుగేళ్ళు.

నీకు జ్వరం అబద్ధమైతే నాకు చెవి. మిషన్ పెట్టుకుంటే ఫోనులో అన్నీ వినపడతాయి. మోగడం వినలేక ఉత్తరాలు రాయమన్నాను.

తొమ్మిది మందికి సూపు లెక్క ఇన్నాళ్ళకి తేలింది, రాసుకో. బంగాళాదుంపలు కిలో, ఉల్లిపాయలు మూడు, క్యారెట్లు నాలుగు, నీళ్ళు రెండున్నర లీటర్లు, నలభై నిమిషాలు. ఉప్పు రెండు చెంచాలు, అదీ దించే ముందు. తక్కువైతే వాళ్ళే అడుగుతారు. ఈ నెల వంట ఆ డాక్టరుకి అప్పజెప్పు, దుంపలు చెక్కడం కొంచెం వచ్చింది వాడికి.

రెండంతస్తులు తక్కువేం కాదు.

ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను. ఫోను చెయ్యి, ఎత్తుతాను. పదకొండింటికి మాత్రం చెయ్యకు.

మామయ్య